చాలీస్‌గావ్ దాటాక ఎక్కుడు

పర్వత్ పాటియా, సూరత్
6 నవంబర్ 2022

దేవదాసుకు,

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇందులో ఉన్నదంతా మీ అక్క ఫోన్లో చెప్పేసి ఉంటుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి మీ అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటారు. దానికి నేనెప్పుడూ అడ్డు రాలేదు. కానీ నాకు నీతో ఉన్న పని ఫోన్లో తేలేది కాదు. ఫోన్లో అన్నమాటను మరునాడు అనలేదనవచ్చు. జవాబు కాగితం మీద రాయి.

మన నేతపనివాళ్ళ సంఘం వేసిన ఆహ్వానపత్రం చూశాను. ఫిబ్రవరి ఐదు, ఆదివారం, సిరిసిల్లలో నీకు సన్మానం. "1983లో సూరత్ నుంచి సిరిసిల్ల దాకా ఎనిమిది వందల డెబ్బై కిలోమీటర్లు ఒంటరిగా సైకిల్ తొక్కిన సాహసి" అని అచ్చు వేశారు. "ఒంటరిగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. బయలుదేరింది ఇద్దరం. కరెంటు కోతతో సాంచాల, అదే మరమగ్గాల, షెడ్లు మూతబడి, చేతిలో పని లేక, ఊరికి సైకిళ్ళ మీద పోదామని అనుకున్నదీ ఇద్దరం. నవాపూర్‌లో నేను దిగిపోయాను. రైలెక్కి సూరత్ తిరిగొచ్చాను. ఇందులో అబద్ధం లేదు, ఎన్నడూ దాచలేదు.

నువ్వు దాన్ని కథ చేశావు. బావామరుదుల పరాచికం అన్నావు. నాకు "నవాపూర్ బావ" అని పేరు పెట్టావు. నా కూతురు నవత పెళ్ళిలో మైకు పట్టుకుని, మా బావను నవాపూర్ దాటించాలంటే ఎడ్లబండి కట్టాలని చెప్పావు. వియ్యంకులు భోజనాల దగ్గర కూడా నవ్వుతూనే ఉన్నారు. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో సాంచాలు నడిపాను, జాబర్‌గా అరవై సాంచాలు బాగుచేస్తూ బతికాను, మూడు భాషల్లో పుస్తకాలు చదివాను. మనవాళ్ళకు నేను నవాపూర్ బావనే.

నాకు డెబ్బై నిండుతున్నాయి. జనవరిలో బయలుదేరుతున్నాను. గేర్లు లేని నల్ల సైకిల్, రెండు జతల బట్టలు. ఎనిమిది వందల డెబ్బైని పదితో భాగించాను. పాళీకి, అంటే ఒక్కో షిఫ్టుకు, ఎనభై ఏడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, షెడ్డులో నిలబడినట్టే. నీ సన్మానానికి వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. ఆ తర్వాత మైకు నాకూ ఒకసారి ఇవ్వమంటాను.

నువ్వు పూర్తిచేసినవాడివి కనుక అడుగుతున్నాను. ఏ రోజు ఎంత తొక్కావు, ఎక్కడ పడుకున్నావు, ఎక్కడ కష్టమైంది, రాయి.

రాజనర్సు


సిరిసిల్ల
17 నవంబర్ 2022

బావకు దండాలు.

నీ ఉత్తరం సదివిన. పద్దెనిమిదేండ్ల తర్వాత నీ చేతిరాత చూసిన. తిట్టినా సరే, అచ్చరాలు ఇప్పటికీ ముత్యాల లెక్కనే ఉన్నయ్. అక్క చెప్పింది, నువ్వు అటక మీదికెల్లి సైకిల్ దించినవని, నడుము పట్టుకున్నదని. నడుము సంగతి నువ్వు రాయలేదు.

ఈ వయసుల గిదేంది బావా అని అడుగుత లేను. అడిగితే ఇంకింత పట్టుదలకు వోతవు. అందుకే నాకు తెలిసింది చెప్త. ఇక్కడ పోరగాండ్లు సైకిల్ సంఘం పెట్టుకున్నరు, ఏడాదికోపాలి నాతోటి జెండా ఊపిస్తరు. వాళ్ళను అడిగి మరీ రాస్తున్న.

పాళీ లెక్క పెట్టకు. మొదటి మూడు రోజులు నలభై దాటకు, కాళ్ళల్ల సత్తువ ఉన్నా సరే దాటకు. గంటకోపాలి దిగు. అలసినంక దిగుడు కాదు, అలసక ముందే దిగాలె. ఆకలి కాకముందే తినాలె, దూప కాకముందే తాగాలె. నాలుగోరోజు సైకిల్‌కు తాళం ఏసి పండు. సీటు రెండు వేళ్ళంత పైకి లేపు, మోకాళ్ళు బతుకుతయ్. ఇరవై రెండు రోజులు పెట్టుకుంటె పాణం మీదికి రాకుంట వస్తవు.

తొవ్వ నీకు ఎరుకే. కడోదరా, బార్డోలీ, నవాపూర్, ధూలే. చాలీస్‌గావ్ దాటినంక కొండల ఘాట్ వస్తది. ఆడ దిగుడు బాగుంటది, బ్రేకులు మంచిగ చూసుకో. దాని తర్వాత అంతా సాపు. జాల్నా, పర్భణీ, నాందేడ్. నాందేడ్‌ల మన పరమేశ్వర్ బట్టల దుకాణం ఉన్నది, మా మేనత్త కొడుకు, ఆడ ఆగు.

నవత పెండ్లి ముచ్చట నువ్వు మనసుల పెట్టుకున్నవని నాకు ఎరుక లేదు. బావను బామ్మర్ది అనకపోతే ఎవరంటరు అనుకున్న.

దేవదాసు


పర్వత్ పాటియా, సూరత్
4 డిసెంబర్ 2022

దేవదాసుకు,

నీ సలహాలు అందాయి. అన్నీ కుర్రాళ్ళవి. నీ సొంతం ఒక్కటీ లేదు. ఎక్కడ పడుకున్నావని అడిగాను, చెప్పలేదు. ఎన్ని పంక్చర్లు పడ్డాయో లేదు. యాత్రాగ్రంథాలు చాలా చదివాను. నిజంగా తిరిగి వచ్చినవాడు ఎక్కడ నిద్ర పట్టలేదో రాస్తాడు. తిరగనివాడు ఏమేం చూశాడో రాస్తాడు.

గంటకోసారి దిగమన్నావు. నడుస్తున్న సాంచాను ఆపి మళ్ళీ నడిపితే గుడ్డ మీద అడ్డంగా గీత పడుతుంది. సేఠ్ కంటికి మొదట అదే కనబడుతుంది, ఆ గుడ్డ తాను మొత్తం రెండో రకంలోకి పోతుంది. అందుకే మనం పుట్టెడు జ్వరంలోనూ సాంచా ఆపలేదు. నీకు అది గుర్తుండకపోవచ్చు. నువ్వు ఊరికి పోయి నాయకుడివయ్యావు. నాకు ఆపడం చేతకాదు.

మొదటివారం కడోదరా పోయి వచ్చాను. హైవే మీద లారీల గాలికి సైకిల్ తనంతట తాను పక్కకు జరుగుతుంది. రెండోవారం బార్డోలీ పోయి వచ్చాను. చెరుకు సీజన్, ట్రాక్టర్లు వరసకట్టి మిల్లుకు పోతున్నాయి. మధ్యలో ఎక్కడా దిగలేదు. అలసట ఉంది. తగ్గడం లేదు. రాత్రి తగ్గుతుందనుకుంటే పొద్దున్న కూడా ఉంటుంది. డెబ్బై ఏళ్ళకు అలసట ఇంట్లో మనిషిలాంటిది, పొమ్మంటే పోదు.

ఇక అసలు సంగతి. చాలీస్‌గావ్ దాటాక దిగుడు అన్నావు. పటం చూశాను. కడోదరా దగ్గర టీ తాగుతున్న ముగ్గురు లారీ డ్రైవర్లను విడివిడిగా అడిగాను. సూరత్ నుంచి పోయేవాడికి అక్కడ దిగుడు లేదు. చాలీస్‌గావ్ దాటాక ఎక్కుడు. పన్నెండు కిలోమీటర్లు మలుపుల మీద మలుపులు. బరువున్న లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుందట. సైకిల్‌ను తోసుకుంటూ ఆ కొండ ఎక్కినవాడు చచ్చేదాకా మరిచిపోడు. దాన్ని దిగుడు అనడు.

నువ్వు ఆ ఘాట్ ఎలా దాటావు?

రాజనర్సు


సిరిసిల్ల
15 డిసెంబర్ 2022

బావకు,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులాయె. రోజూ తీసి సదువుతున్న, మల్ల పెడుతున్న.

ఘాట్ ఎక్కుడో దిగుడో నాకు తెల్వది. నేను చూడలే.

నువ్వు నవాపూర్‌ల దిగినంక రెండు రోజులు ఒక్కన్ని తొక్కిన. చాలీస్‌గావ్ దాటి చీకట్ల తొవ్వ పక్కన సైకిల్ పడేసి కూసున్న. కూసున్నోన్ని లేవలేకపోయిన. తొడలు రాసుకపోయి నెత్తురు, మూత్రం వోసుకునుడు గుడ కష్టమాయె. పత్తి బేళ్ళ లారీ ఒకటి ఆగింది. సైకిల్ గుడ ఎక్కిచ్చి బేళ్ళ మీద పన్న. కన్ను తెరిచేసరికి నాందేడ్. ఆ లారీలనే కామారెడ్డి దాక వచ్చిన. ఆడికెల్లి సిరిసిల్ల యాభై ఐదు కిలోమీటర్లు తొక్కిన. గంతే నా సాహసం.

చెప్దామనే ఊళ్ళెకు వచ్చిన బావా. తొవ్వల ఎవ్వలో చూసి కబురు పెట్టిన్రు, పొలిమేరల డప్పులతోటి ఉన్నరు. అందరికన్న ముందు మీ బాపు నా మెడల దండ ఏసిండు. ఏసి, మావాడేడిరా అన్నడు. ఆ చూపులకు తట్టుకోలేక, అలసిపోయి నవాపూర్‌ల దిగిండు మామా అన్న. అందరు పకపక నవ్విన్రు. నవ్వుతాంటె నా దిక్కు ఎవ్వలు సరిగ చూడలే. గప్పుడు తెలిసింది, నీ ముచ్చట చెప్పినంత సేపు నా ముచ్చట ఎవ్వలు అడగరని. పెండ్లిల గుడ గందుకే చెప్పిన. ఆ దినం మీ వియ్యంకుడు, ఘాట్ ఎట్ల దాటినవని నన్ను అడుగవట్టె.

ఇంకోటి గుడ రాస్త, కోపం చెయ్యకు. ఆ పాళీ లెక్క నీదే. బార్డోలీల ఒక పూట ఆగుదమంటె, ఆపితే గీత పడతది నడువు అన్నవు. ఒక్కదినంల నూట పది కిలోమీటర్లు తొక్కిచ్చినవు. నవాపూర్‌ల నీ మోకాలు వొయ్యింది, చాలీస్‌గావ్‌ల నా పాణం వొయ్యింది. ఇద్దర్ని దించింది ఆ లెక్కనే. ఆ ముచ్చట నువ్వెన్నడు ఎవ్వలకు చెప్పలే.

అక్క చెప్పింది, బార్డోలీ పోయింది సైకిల్ మీదనట, వచ్చింది బస్సులనట. చెరుకాకు మీద జారి పడ్డవట. నాకు రాసిన ఉత్తరంల అది లేదు.

దేవదాసు


పర్వత్ పాటియా, సూరత్
27 డిసెంబర్ 2022

దేవదాసుకు,

బస్సు సంగతి నిజమే. సైకిల్ బస్సు టాపు మీద వచ్చింది. రాయనందుకు తప్పు నాదే.

పాళీ లెక్క కూడా నాదే. అది నలభై ఏళ్ళుగా నాకు తెలుసు.

అయినా తూచి చూస్తే సమానం కావు. నేను ఒక మాట చెప్పకుండా ఊరుకున్నాను. నువ్వు ఒక మాట నలభై ఏళ్ళు చెబుతూ తిరిగావు. మా బాపు పోయేదాకా నన్ను చూసినప్పుడల్లా ఆ నవ్వు నవ్వాడు. నువ్వు ఆయన్ని నవ్వించావు.

నీ ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీటు కింద కట్టుకున్నాను. జనవరి పంతొమ్మిదిన బయలుదేరుతున్నాను. ఫిబ్రవరి ఐదున వేదిక ఎక్కి అదే చదువుతాను. నా మాట ఒక్కటీ కలపను. నీ చేతిరాత, నీ సంతకం.

మీ అక్క వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. నిన్న మాత్రం నా ముందు కంచం పెట్టి, మీ ఇద్దరి కాళ్ళూ ఒకటేసారి విరిగితే నాకు శాంతి అంది. ఆ తర్వాత నువ్వులుండలు చేయడం మొదలుపెట్టింది. దారికట. ఎవరి పక్షమో అడగలేదు.

రాజనర్సు


చాలీస్‌గావ్, మహారాష్ట్ర
28 జనవరి 2023

దేవదాసుకు,

ఇక్కడ ఒక లాడ్జి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా కొండ కనబడుతోంది.

మొదటిరోజే తప్పు చేశాను. నవాపూర్‌ను మొదటి పాళీలోనే దాటేయాలని పంతం పట్టాను. వ్యారా దాటాక మోకాలిలో ముల్లు గుచ్చినట్టయింది. దిగలేదు. సాయంత్రం ఏడుకు నవాపూర్ చేరాను, దాటలేదు. మరునాడు పొద్దున కాలు మడత పడలేదు. ధర్మశాలలో మూడు రోజులు పడుకున్నాను. నలభై ఏళ్ళుగా నా పేరులో మోస్తున్న ఊరు అది. అక్కడ ఎవరికీ నేను తెలియదు. టీకొట్టువాడు నాకు ఆవాల నూనెలో వెల్లుల్లి కాచి ఇచ్చాడు. గతంలో ఎప్పుడైనా వచ్చారా అని అడిగాడు. ఒకసారి అన్నాను.

నాలుగోరోజు సీటు రెండు వేళ్ళంత పైకి లేపాను. అప్పటి నుంచి నువ్వు రాసినట్టే నడుస్తున్నాను. గంటకోసారి దిగుతున్నాను, అలసినా అలసకపోయినా. దిగినప్పుడల్లా మనసులో గీత పడుతున్నట్టే ఉంటుంది. రోజుకు నలభై, ఒకరోజు ముప్పై. ధూలేలో ఒకరోజు ఊరికే పడుకున్నాను. పగలు పడుకోవడం నాకు కొత్త. ఏం చేయాలో తెలియక పైకప్పు చూశాను.

ఈ లెక్కన ఐదో తారీఖుకు సిరిసిల్ల చేరలేను. ఔరంగాబాద్ చేరితే గొప్ప.

మధ్యాహ్నం ధాబా దగ్గర ఒక లారీ ఆగింది. డ్రైవర్ మల్లేష్, కామారెడ్డి వైపువాడు. సూరత్ చీరల లోడు. నేను కూలబడుతూ అన్న "అమ్మా" విని తెలుగువాణ్ణని పట్టుకున్నాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. సిరిసిల్లలో ఐదున సభ ఉందని మాత్రం చెప్పాను. అతను అప్పటికే తాడు విప్పుతున్నాడు.

"సైకిల్‌ను లోడు మీదికి ఎక్కిస్త, నువ్వు క్యాబిన్‌ల పండు పెద్దాయనా. రేపు పొద్దుగూకేసరికి నిజామాబాద్‌ల ఉంటవు. ఎవ్వలు చూసెటోళ్ళున్నరు?"

నేను సైకిల్ హాండిల్ అతని చేతికి ఇచ్చాను. నిజం రాస్తున్నాను. ఇచ్చాను. వెనకచక్రం నేల నుంచి లేచింది కూడా. అప్పుడు నాకు అర్థమైంది. నువ్వు లారీ ఎక్కావని నీ సభలో చెప్పాలంటే నేను లారీ ఎక్కాలి. ఎక్కకపోతే చెప్పడానికి సమయానికి ఉండను. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి ఇది ధాబా దగ్గర, చక్రం గాల్లో ఉండగా తెలిసింది.

దించమన్నాను. మల్లేష్ ఏమీ అనుకోలేదు. మోకాలికి కట్టుకొమ్మని తువ్వాలు ఇచ్చి పోయాడు.

ఎక్కనంత మాత్రాన నీకంటే గొప్పవాణ్ణి కాను. అప్పుడు నీకు ముప్పై లేవు, తొడల నుంచి నెత్తురు కారుతోంది, ముందు దారి చెప్పేవాడు లేడు. నాకు నీ సలహాలున్నాయి, మీ అక్క నువ్వులుండలున్నాయి. ఆరోజు నేను నవాపూర్‌లో దిగకుండా చాలీస్‌గావ్ దాకా వచ్చి ఉంటే, నీకంటే ముందు బేళ్ళ మీదికి ఎక్కేవాణ్ణేమో.

నీ డిసెంబర్ ఉత్తరం దీనితో తిప్పి పంపుతున్నాను. నకలు తీయలేదు. ఐదున చదువుతావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. నాకిక దానితో పని లేదు అనలేను. ఉంది. కానీ దాన్ని మోస్తూ ఈ కొండ ఎక్కలేను.

జవాబు రాస్తే నాందేడ్‌లో పరమేశ్వర్ ఇంటికి రాయి. రెండు వారాలు పడుతుంది.

రాజనర్సు


సిరిసిల్ల
7 ఫిబ్రవరి 2023

బావకు,

నీ ఉత్తరం మూడో తారీఖు వచ్చింది. నాలుగున అన్నం తినలే. మా ఇంటామె సుమన షుగరు మాత్రలు ఏసుకున్నవా అని అడిగితే ఆమె మీదికి లేచిన.

సభ మంచిగ జరిగింది. శాలువా కప్పిన్రు. మైకు ఇచ్చినంక జేబుల కెల్లి నువ్వు తిప్పి పంపిన కాగితం తీసి సదివిన. పత్తి బేళ్ళు, లారీ, కామారెడ్డి, అన్ని సదివిన. ఒక్క ముక్క ఇడవలే.

బావా, నవ్విన్రు. పరాచికం చేస్తున్న అనుకున్నరు. ఎప్పటి లెక్క నేను నవ్వించెటానికే లేచిననుకున్నరు. సభ నడిపించే పంతులు మైకు తీసుకుని, చూడుండ్రి ఎంత వినయమో అన్నడు. మల్ల చప్పట్లు. నిజం అని మల్ల చెప్దామంటె ఫోటోలు దిగనీకి లేపిన్రు. నలభై ఏండ్లు చెప్పిన అబద్ధం మస్తు గట్టిగ నేసిన, చింపుదమంటె చినుగుత లేదు.

ముందు వరుసల ఆగయ్య ఉన్నడు. నీకు ఎరుకే, మనిద్దరికి సాంచా పట్టుడు నేర్పిన ఆగయ్య. ఎనభై ఆరు. చెవులు సరిగ్గ వినరావు, అందుకే మైకు కాడికి కుర్చీ ఏసుకుని కూసున్నడు. ఆయన ఒక్కడే నవ్వలే. ఫోటోలు అయినంక చెయ్యి పట్టి ఆపిండు. అందరు వినేటట్టే అడిగిండు.

"నువ్వు లారీల వస్తివి సరే. నర్సును ఎందుకురా నవ్వులపాలు చేసినవ్?"

గప్పుడు ఎవ్వలు నవ్వలే. శాలువా ఆడనే కుర్చీ మీద పెట్టి ఇంటికొచ్చిన. మరునాడు ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి వచ్చి, నిజమేనా అని మెల్లగ అడిగిన్రు. నిజమే అన్న. చాయ తాగకుంట పోయిన్రు.

అక్క ఫోన్ల ఏడ్చింది. నీ కోసమో నా కోసమో తెల్వది.

ఘాట్ ఎక్కినవా? ఎట్లున్నదో రాయి. నేను చూడలే కద.

దేవదాసు


నాందేడ్
13 ఫిబ్రవరి 2023

దేవదాసుకు,

నిన్న చేరాను. పరమేశ్వర్ నీ ఉత్తరం ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. సంతోషం కలుగుతుందనుకున్నాను. అలసటే కలిగింది. ఆగయ్య మాటకు జవాబు నువ్వు డిసెంబర్లోనే నాకు రాశావు, నా మాట నడిచినంత సేపు నీ మాట ఎవరూ అడగరని. ఆయనకూ అదే మళ్ళీ చెప్పు, గట్టిగా చెప్పు, ఆ నవ్వుల్లో వినబడి ఉండదు.

ఘాట్ సంగతి అడిగావు. పొద్దున ఆరున్నరకు కింద మొదలుపెట్టాను. ఒక్క మలుపు కూడా తొక్కలేదు, మొత్తం తోసుకుంటూ నడిచాను. మలుపు మలుపుకూ రాతిగోడ మీద కూర్చున్నాను. లారీలు పక్కనుంచి అంత మెల్లగా పోతాయి, డ్రైవర్ల ముఖాలు చూడవచ్చు. ఒకడు సీసాతో నీళ్ళు అందించాడు. గోడల మీద కోతులు. రెండు నువ్వులుండలు అవి తీసుకున్నాయి. పైన గాలి చల్లగా ఉంది. పదకొండున్నరకు పైకి చేరాను. ఐదు గంటలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్చుని బూట్లు విప్పాను.

ఇంకొక సంగతి నీకే రాయగలను. జాల్నాలో లాడ్జి యజమాని అడిగితే ఐదు గంటలు పట్టిందని చెప్పాను. అతను అబ్బో అన్నాడు. పర్భణీలో టీ దగ్గర నలుగురు చుట్టూ చేరారు. వాళ్ళకు ఏడు గంటలు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి అలా వచ్చింది, వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి, నాకు బాగుంది. ఒకతను మొత్తం తొక్కుతూనే ఎక్కారా అని అడిగాడు. నేను కాదనలేదు. టీ తాగాను.

నిన్న సాయంత్రం పరమేశ్వర్ దుకాణంలో పదిమంది తెలుగువాళ్ళు కూడారు. పెద్దాయన ఘాట్ ఎక్కి వచ్చాడు, చెప్పండి అన్నారు. నాకు నోరు తెరవాలంటే భయమేసింది. కాలు నొప్పి అని లోపలికి పోయి పడుకున్నాను.

ఇంకా రెండు వందల ఇరవై కిలోమీటర్లు ఉంది. రోజుకు ముప్పై, మధ్యలో ఒకరోజు విశ్రాంతి. నువ్వు కామారెడ్డికి ఎదురు రావద్దు. ఇంట్లో ఉండు. వచ్చాక నలుగురూ అడుగుతారు. అప్పటికి నేను ఎన్ని గంటలంటానో నాకే తెలియదు.

ఐదు గంటలు, దేవదాసూ. తోసుకుంటూ. ఈ కాగితం జాగ్రత్తగా పెట్టు.

రాజనర్సు